మనసుకు మార్కులెన్ని?

సైన్యంలో, ఆస్పత్రిలో, కంపెనీలో, ఇప్పుడు బడిలోనూ వ్యక్తిత్వ పరీక్షలే. ఎక్కడ పుట్టాయి, ఎంతవరకు నమ్మొచ్చు?

అది 1909. మద్రాసు శివారు అడయారులో ఓ తెలుగు కుర్రాడు. పద్నాలుగేళ్లు నిండీ నిండని వయసు. రెవెన్యూ ఉద్యోగం నుంచి రిటైరైన నాన్న జిడ్డు నారాయణయ్య దివ్యజ్ఞాన సమాజంలో గుమస్తా పనికి కుదిరి, తల్లిలేని పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడ దిగాడు. కుర్రాడిది బక్కపలచని ఒళ్లు. నోరు కాస్త తెరుచుకుని ఎటో చూస్తూ ఉంటాడు. బళ్లో పాఠం ఎక్కేది కాదు, వీపు మీద బెత్తం దెబ్బలు మాత్రం పడుతుండేవి. చదువులో సాయం చేసిన ఎర్నెస్ట్ వుడ్ అనే దొర కూడా పిల్లాడికి బుర్ర తక్కువనే లెక్కగట్టాడు. అదే పిల్లాడిని సముద్రపు ఒడ్డున చూసిన సమాజం పెద్దల్లో ఒకడైన చార్లెస్ లెడ్‌బీటర్ మాత్రం, ఇతని చుట్టూ ఉన్న కాంతిలో స్వార్థం రవ్వంతైనా లేదన్నాడు. ముందుముందు మహాగురువు అవుతాడన్నాడు. వుడ్‌కు నమ్మబుద్ధి కాలేదు.

ఆ కుర్రాడు 1895 మే 11న మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. ఒకరు మార్కులు చూసి మొద్దన్నారు, ఇంకొకరు కాంతి చూసి జగద్గురువన్నారు. ఎటొచ్చీ ఇద్దరిలో ఎవరూ ఆ పిల్లాడిని 'నీకేం కావాలి నాయనా' అని అడిగింది లేదు. 1911లో అతని చుట్టూ ఒక సంఘమే వెలిసింది. దానికి దేశదేశాల్లో వేల మంది సభ్యులు. 1929 ఆగస్టు 3న హాలెండ్‌లోని ఒమెన్ శిబిరంలో, అక్కడికి వచ్చిన సభ్యుల ముందే ఆయన ఆ సంఘాన్ని రద్దు చేసేశారు. బడి తీర్పు తప్పింది. లెడ్‌బీటర్ తీర్పు కూడా ఆయన తలచిన దారిలో సాగలేదు.

మనిషిని చూసీ చూడగానే 'వీడు ఫలానా' అని తేల్చేయాలన్న ఆత్రం కొత్తదేం కాదు. పుంగనూరు చుట్టుపక్కల సంతల్లో ఎద్దును కొనే రైతును గమనించండి. ముందు పళ్లు చూస్తాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. తర్వాత నుదుటి మీద, వీపు మీద వెంట్రుకల సుళ్లు వెతుకుతాడు. ఫలానా చోట సుడి ఉంటే పొగరుమోతు, ఫలానా చోట ఉంటే యజమానికి అరిష్టం. సగానికి సగం మూఢనమ్మకమే. అయితే అమెరికాలో పశువుల ప్రవర్తన మీద జీవితమంతా పనిచేసిన టెంపుల్ గ్రాండిన్ బృందం 1995లో వెయ్యికి పైగా పశువులను బోనులోకి తోలి చూసింది. కళ్ల గీతకు పైన సుడి ఉన్నవి ఎక్కువగా బెదురుతాయని, కింద ఉన్నవి కాస్త నిమ్మళంగా ఉంటాయని తేలింది. మన రైతు మాటలో ఒక ముక్క నిలబడింది. యజమానికి అరిష్టం అనే ముక్కను సరిచూసినవాళ్లు లేరు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడాలోనే ఉంది. గుర్తు ఏదైనా కావచ్చు, సుడి, సిరా మరక, ప్రశ్నపత్రం. ఆ గుర్తు చెప్పినట్టే తర్వాత జరిగిందా లేదా అని ఓపిగ్గా లెక్క కట్టినవాళ్లు ఉన్నారా? ఉంటే అది పరీక్ష. లేకపోతే సోది.

మన పెద్దలూ మనుషులను విడదీసి చూశారు. చరక సంహిత శారీర స్థానంలో మనస్తత్వాలు పదహారు. సాత్వికాలు ఏడు, రాజసాలు ఆరు, తామసాలు మూడు. బ్రాహ్మం, ఆర్షం, ఐంద్రం అంటూ మొదలై సర్పం, మత్స్యం మీదుగా చివరకు చెట్టు స్వభావం దాకా దిగుతుంది ఆ జాబితా. తిండి ఒక్కటే ధ్యాసగా ఉండేవాళ్లు చెట్ల కోవలోకి వస్తారు. ఇప్పుడు ప్రపంచమంతా కంపెనీల శిక్షణ తరగతుల్లో వాడే మయర్స్ బ్రిగ్స్ ప్రశ్నపత్రంలోనూ పదహారు రకాలే! ఇది వట్టి కాకతాళీయం. దీన్ని పట్టుకుని 'అన్నీ మనవాళ్లే ముందు చెప్పారు' అని ఎగరనక్కర్లేదు. చరకుడి వర్గీకరణ రోగిని దగ్గరగా గమనించే వైద్యుడి చూపు. కొలత కాదు.

కొలత అనే పట్టుదల యుద్ధంతో వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి మోతలకు సైనికులు కుప్పలు తెప్పలుగా మతి చలించి వెనక్కి వస్తుంటే, అసలు అలాంటివాళ్లను ముందే పట్టుకోలేమా అని అమెరికా సైన్యం అడిగింది. కొలంబియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ రాబర్ట్ వుడ్‌వర్త్ 116 ప్రశ్నలతో ఓ పత్రం తయారుచేశాడు. నిద్ర సరిగా పడుతుందా, అర్ధరాత్రి భయంతో లేస్తుంటావా, ఈ వరసలో అన్నిటికీ అవును, కాదు అన్నవే జవాబులు. అది పూర్తిగా వాడుకలోకి వచ్చేలోపే యుద్ధం ముగిసింది. కానీ ప్రశ్నలు అడిగి మనసును అంకెల్లోకి దించే పద్ధతి మిగిలిపోయింది.

తర్వాతి ఇరవై ముప్పయ్యేళ్లలో ఒకదాని వెంట ఒకటి పుట్టుకొచ్చాయి. స్విట్జర్లాండ్ వైద్యుడు హెర్మన్ రోర్షా 1921లో పది సిరా మరకల పుస్తకం వేసి, మరుసటి ఏడాదే 37 ఏళ్లకు కన్నుమూశాడు. హార్వర్డ్‌లో హెన్రీ మర్రే, క్రిస్టియానా మోర్గాన్ 1935లో బొమ్మ చూపించి కథ చెప్పించే పరీక్ష తెచ్చారు. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ ఇంగ్లిష్ నిఘంటువు ముందేసుకుని మనిషి తీరును చెప్పే మాటలను ఏరితే 17,953 తేలాయి. వాటిని కుదించి కుదించి రేమండ్ క్యాటెల్ 1949 నాటికి పదహారు లక్షణాల ప్రశ్నపత్రం చేశాడు. తర్వాతివాళ్లు అయిదుకు తెచ్చారు. కొత్తదనం పట్ల ఆసక్తి, పని మీద శ్రద్ధ, నలుగురిలో కలివిడితనం, సర్దుకుపోయే గుణం, ఊరికే కలతపడే గుణం. ఈనాటి పరిశోధకుల్లో ఎక్కువమంది వాడేది ఈ అయిదు కొలతలనే.

ఈ అయిదింటి లెక్కలో తెలుగువాళ్లమూ ఉన్నాం. యూరి అల్లిక్, రాబర్ట్ మెక్‌క్రే 2004లో 36 సంస్కృతుల మనస్తత్వాలను పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధనలో ఇండియా అంతా ఒకటే గంపగా లేదు. తెలుగువాళ్లు వేరు, మరాఠీవాళ్లు వేరు. వినడానికి బాగుంది. కాకపోతే ఇలాంటి ప్రశ్నపత్రాలు ఎక్కువగా నింపేది కాలేజీ కుర్రకారు. కుప్పం పొలాల్లో పట్టుపురుగులు పెంచే నలభై ఏళ్ల ఆడమనిషి తీరు ఆ సగటులో ఎంత ఉంటుందో ఎవరికి వారు ఆలోచించుకోవచ్చు. 'కొత్తవాళ్ల మధ్య నేనే ముందు మాట కలుపుతాను' అన్న వాక్యం ఆమె ముందు పెట్టారనుకోండి. పక్క గదిలో అత్త ఉంటే ఒక జవాబు, మార్కెట్లో గూళ్లు అమ్మేచోట అడిగితే మరో జవాబు. రెండూ నిజమే.

మనకు బాగా దగ్గరైన వ్యక్తిత్వ పరీక్ష మాత్రం సైన్యంలో ఉంది. మదనపల్లెకు అవతల కలికిరిలో 2014లో సైనిక్ స్కూల్ మొదలైంది. రాష్ట్రంలో అంతకుముందున్నది విజయనగరం దగ్గరి కోరుకొండలోనే, 1962 నాటిది. ఖాకీ బట్టలు, తెల్లారకముందే పరుగు, ఆపైన నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ) కల. ఇప్పుడు ఆడపిల్లలూ ఆ వరసలో ఉన్నారు. ఎన్డీఏ రాతపరీక్షకు 900 మార్కులు. అది గట్టెక్కినా సగం దారే. మిగతా 900 మార్కులు సర్వీసెస్ సెలక్షన్ బోర్డు చేతిలో. బెంగళూరుకో, భోపాల్‌కో, మైసూరుకో పిలుపు వస్తుంది. మొత్తం అయిదు రోజులు. ఛాతీ మీద నంబరు పడ్డాక పేరుతో పని ఉండదు.

మొదటిరోజే వడపోత. చాలామంది సాయంత్రానికి బ్యాగు సర్దుకోవాల్సిందే. నిలిచినవాళ్లకు రెండో రోజు మనసు పరీక్షలు. తెర మీద మసకమసకగా ఓ బొమ్మ పడుతుంది. ముప్పై సెకన్లు. ఎవరో నిలబడి ఉన్నారు, వెనక ఏదో గుడిసె, లేదా బండి. బొమ్మ పోతుంది. నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. ఇలా పదకొండు బొమ్మలు, పన్నెండోది ఖాళీ తెల్లతెర. దాని మీద ఏం చూస్తావో నీ ఇష్టం. ఆ వెంటనే మాటల పరీక్ష. పదిహేను సెకన్లకో మాట చొప్పున అరవై. మాట కనిపించగానే తోచిన వాక్యం రాయాలి. చెయ్యి నొప్పి పుడుతుంది, ఆలోచించే వ్యవధి ఉండదు, ఆ వ్యవధి ఇవ్వకపోవడమే అందులో కీలకం. తర్వాత అరగంటలో అరవై సందర్భాలు. స్నేహితుడికి ప్రమాదం జరిగింది, రాత్రివేళ, పరీక్ష రేపే, ఏం చేస్తావు? చివరగా తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, స్నేహితులు నీ గురించి ఏమనుకుంటారో, నీ గురించి నువ్వేమనుకుంటావో రాసివ్వాలి. పదిహేను నిమిషాలు.

ఆ కాగితాలు మానసిక నిపుణుడి దగ్గరికి పోతాయి. అంచనా వేసేటప్పుడు అభ్యర్థిని ఆయన చూడడు. ఇంటర్వ్యూ అధికారి వేరు. పలకలు, తాళ్లు, డ్రమ్ములతో గుంపును మైదానంలో పరుగులు పెట్టించే అధికారి వేరు. ముగ్గురూ అయిదోరోజు దాకా తమ అంచనాలు ఒకరికొకరు చెప్పుకోరు. సైన్యంలో దీనికి వాడే మాటలు మనకు కొత్తవి కావు. మనసా, వాచా, కర్మణా. రాసింది, చెప్పింది, చేసింది ఒక్కటైతే పదిహేను అధికారి లక్షణాలు ఉన్నట్టు లెక్క. కోచింగ్ సెంటర్లో పన్నెండు కథలు బట్టీపట్టి పోయేవాళ్లు సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు. కథలో ఊరిని వరద నుంచి కాపాడిన మహావీరుడు మైదానంలో పలక పట్టుకోవడానికి ముందుకు రాడు!

ఈ ఏర్పాటుకు బీజం జర్మనీ సైన్యంలో పడింది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ 1942లో తనకు తగ్గట్టు మార్చుకుంది. మరుసటి ఏడాదే డెహ్రాడూన్‌లో ప్రయోగాత్మక బోర్డు పెట్టి ఇక్కడికీ తెచ్చింది. అంతకుముందు అధికారి కావాలంటే ఏ ఇంటివాడు, ఏ బడివాడు అని చూసేవారు. ఇంటిపేరు చూసి తీసుకోవడం కన్నా బొమ్మ చూపించి కథ రాయించడం ఎంతో నయం. పుంగనూరు జమీందారు మనవడికైనా, అదే ఊళ్లో కూలి కొడుకుకైనా పడేది అదే మసక బొమ్మ. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మనకంటూ మానసిక పరిశోధన విభాగం ఏర్పడింది. ఇవాళ డీఆర్‌డీఓ కింద ఢిల్లీలో పనిచేస్తున్న రక్షణ మానసిక పరిశోధన సంస్థకు అదే వేరు.

డీఆర్‌డీఓ అనగానే అబ్దుల్ కలాం గుర్తుకు రాకుండా ఉంటారా? మద్రాసులో ఇంజనీరింగ్ ముగించుకుని, వైమానిక దళంలో చేరాలని డెహ్రాడూన్ బోర్డు ముందుకు వెళ్లారాయన. అక్కడ తెలివి కన్నా వ్యక్తిత్వానికే ఎక్కువ విలువ ఇచ్చారని ఆయనే రాసుకున్నారు. ఇరవై అయిదుగురిలో తొమ్మిదో స్థానం. తీసుకున్నది ఎనిమిది మందిని. తర్వాత హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో క్షిపణులు తయారుచేయించి, డీఆర్‌డీఓకే అధిపతి అయ్యారు. అంటే అలాంటి పరీక్షలను తయారుచేసే సంస్థ ఆయన కిందికే వచ్చింది. రాష్ట్రపతిగా త్రివిధ దళాలకు సర్వాధిపతి అయ్యి, 2006లో పుణెలో సుఖోయ్ ఎక్కి ఆకాశంలో తిరిగొచ్చారు. మరి బోర్డు తప్పు చేసిందా? చేసిందని నేననను. విమానం నడిపే కొలువుకు ఎనిమిది మందిలో ఒకడిగా సరిపోతాడా అన్నదే దాని ప్రశ్న. గొప్పవాడు అవుతాడా అని దాన్ని ఎవరూ అడగలేదు. తిరస్కరించిన బోర్డు గురించి మనం నలుగురిలో మాట్లాడుకునేటప్పుడు ఈ తేడానే మరచిపోతాం. కలికిరి నుంచి వెళ్లి వెనుదిరిగిన పిల్లాడికి ఇంట్లో ముందు చెప్పాల్సింది ఇదే.

ఆస్పత్రి సంగతి వేరే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లకు మనసు జబ్బు అంటే బెంగళూరు నిమ్హాన్సే గుర్తొస్తుంది. 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థగా మొదలై, 1974లో నేటి రూపం తీసుకుంది. ఇలాంటి చోట్ల వ్యక్తిత్వ పరీక్ష ఎవరినీ వడపోయడానికి కాదు. వైద్యుడు మాట్లాడతాడు, ఇంటివాళ్లను అడుగుతాడు, అనుమానం మిగిలితే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపుతాడు. అక్కడ వాడే వాటిలో పేరుమోసింది మిన్నెసోటా ప్రశ్నావళి. 1940ల్లో హాథవే, మెకిన్లీ తయారుచేశారు. ప్రశ్నలు అయిదు వందలు దాటతాయి. అందులో నాకు నచ్చేది అబద్ధాన్ని పట్టే ఏర్పాటు. 'అప్పుడప్పుడు నాకు కోపం వస్తుంది' వంటి వాక్యాలకు కూడా ఒకడు వరసగా 'కాదు, కాదు' అని గీసుకుంటూ పోయాడంటే, వాడు మంచివాడని కాదు, మంచివాడిగా కనిపించాలని చూస్తున్నాడని అర్థం. తన మీద తనకే అనుమానం ఉండటం పరీక్షకు ఉండాల్సిన మంచి గుణం. జాతకానికి ఆ గుణం లేదు.

జాతకం మాట వచ్చింది కాబట్టి బెర్ట్రమ్ ఫోరర్ చేసిన కొంటెపని చెప్పాలి. 1948లో ఈ అమెరికా ప్రొఫెసర్ తన తరగతిలో 39 మందికి వ్యక్తిత్వ పరీక్ష పెట్టాడు. వారం తర్వాత ఎవరి నివేదిక వాళ్లకిచ్చి, ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరి చేతిలో ఉన్నది ఒకటే నివేదిక! బంకు దగ్గర దొరికే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరిన వాక్యాలు. నీలో బయటపడని శక్తి ఉంది, పైకి ధైర్యం లోపల బెరుకు, అందరూ నిన్ను మెచ్చుకోవాలని నీకుంటుంది. ఎవరికి సరిపోవివి? ఎరుకల సాని సోది చెప్పేటప్పుడు 'నీ చెయ్యి పెట్టేదే గాని పుచ్చుకునేది కాదమ్మా' అంటే తల ఊపని ఇల్లాలు ఉంటుందా?

మయర్స్ బ్రిగ్స్ మీద నాకున్న అనుమానమూ ఇదే కోవ. కార్ల్ యుంగ్ 1921లో రాసిన పుస్తకం మీద మనసు పడ్డ కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇజబెల్ ఇంట్లో కూర్చుని మొదలుపెట్టిన పని అది. ఇద్దరూ మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందినవాళ్లు కారు. అదేమీ నేరం కాదు. చిక్కేమిటంటే, కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తుంది. దాన్ని అమ్మే సంస్థే ఉద్యోగానికి మనుషులను ఎంచుకోవడానికి వాడొద్దని చెబుతోంది. ఇన్‌స్టా బయోలో నాలుగక్షరాలు పెట్టుకునే పిల్లలకు అది సరదా. దాని పేరుతో ఉద్యోగం పోతే మాత్రం సరదా కాదు.

అంగళ్లు, కుప్పం ఇంజనీరింగ్ కాలేజీల్లో చివరి ఏడాది పిల్లలను కదిపితే 'సైకోమెట్రిక్ రౌండ్' అన్న మాట వినిపిస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి 'జట్టుతో పనిచేయడం ఇష్టమా' అని అడుగుతారు. ఇష్టం లేదని రాసేంత అమాయకుడు ఫైనలియర్‌కు రాడు. అయిదు కొలతల్లో పని మీద శ్రద్ధ అన్నదానికీ ఉద్యోగంలో రాణించడానికీ సంబంధం ఉందని 1991లో బారిక్, మౌంట్ ఎన్నో అధ్యయనాలను గుదిగుచ్చి చూపించారు. ఉన్నది మాత్రం ఓ మోస్తరు సంబంధమే. వెయ్యిమందిని తీసుకునే కంపెనీకి అది పనికొస్తుంది, ఒక్క పిల్లాడి జాతకం రాయడానికి చాలదు.

బడిపిల్లలకు ఇలాంటి పరీక్షలు పెట్టడమూ మన దగ్గర కొత్తేం కాదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1967లో మనస్తత్వశాస్త్రంతోపాటు అతీంద్రియ శక్తుల పరిశోధనకూ కలిపి విభాగం పెట్టింది. దాని వెనక మనిషి కోనేరు రామకృష్ణారావు. హైస్కూలు పిల్లలకు క్యాటెల్ ప్రశ్నపత్రమిచ్చి, కార్డులు ఊహించే పరీక్షా పెట్టి, కలివిడి పిల్లలే కాస్త బాగా ఊహిస్తారని 1970ల మొదట్లో ఆయన బృందం రాసింది. శాస్త్రలోకం ఆ ఫలితాలను ఒప్పుకోలేదు. అయినా ఆయన లెక్కలు అచ్చులో ఉన్నాయి, కాదనేవాళ్లు మళ్లీ చేసి చూసుకోవచ్చు. ఇప్పుడు మన బళ్ల చుట్టూ తిరుగుతున్న సరుకుకు ఆపాటి నిజాయితీ కూడా లేదు.

'మీ వాడి పది వేళ్ల ముద్రలు చాలు మేడమ్, ఎంపీసీనా, బైపీసీనా, ఆటల్లోకి పంపాలా, అంతా రిపోర్టులో వచ్చేస్తుంది.' ఇదీ బేరం. వేలిముద్రల ప్రతిభా పరీక్ష, పొట్టిగా డీఎంఐటీ. రంగు గ్రాఫులతో లావుపాటి పుస్తకం చేతికొస్తుంది, జేబులోంచి వేలు పోతాయి. అందులో ఎడమ మెదడు, కుడి మెదడు, ఎనిమిది రకాల తెలివి. ఆ రకరకాల తెలివి సిద్ధాంతం 1983లో చెప్పిన హోవర్డ్ గార్డ్‌నరే ఈ వేలిముద్రల వ్యాపారంతో తనకు సంబంధం లేదన్నాడు. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ దీనికి శాస్త్రీయ ఆధారం లేదని తేల్చింది. వేలిముద్రలు తల్లి కడుపులోనే ఏర్పడి జన్మంతా మారకుండా ఉంటాయి. పిల్లాడు మారతాడు, అదే కదా బడికి పంపడంలో ఆశ. సంతలో రైతు సుడి చూసినా, నాలుగడుగులు నడిపించకుండా ఎద్దును కొనడు.

పిల్లాడు చోటును బట్టి కూడా మారతాడు. 1920ల చివర్లో అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు వేలాది బడిపిల్లలకు మోసం చేసే అవకాశాలు కల్పించి చూశారు. పరీక్షలో కాపీ కొట్టినవాడు ఆటలో నిక్కచ్చిగా ఉన్నాడు. ఇంట్లో అబద్ధమాడినవాడు డబ్బు దగ్గర నిజాయితీగా నిలిచాడు. నిజాయితీపరుడు, దొంగ అని రెండు గంపలు కట్టడం కుదరలేదు. మదనపల్లె పక్కన లోయలో కృష్ణమూర్తి పేరుతో నడుస్తున్న రిషివ్యాలీ పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చకూడదంటుంది. ఆ మాటకొస్తే అక్కడ సీటు కావాలన్నా ప్రవేశ పరీక్ష, ముఖాముఖి తప్పవు. సీట్లు తక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువ ఉన్నచోట ఏదో ఒక జల్లెడ ఉండి తీరుతుంది. ఆ జల్లెడ దేనికి పెట్టారో దానికే వాడాలి. కొలువుకు పెట్టిన పరీక్షతో మనిషి విలువ కట్టకూడదు. ఆస్పత్రి కాగితాన్ని పెళ్లిచూపుల దాకా తీసుకుపోకూడదు.

తల్లిదండ్రులారా, మీ పిల్లల మనసు కొలుస్తామని ఎవరైనా వస్తే డబ్బు తీసేముందు నాలుగు మాటలు అడగండి. ఈ పరీక్ష చెప్పింది తర్వాత నిజమైందని ఎవరు, ఎక్కడ సరిచూశారు? మన పిల్లల మీద చూశారా? కాగితం ఎవరి దగ్గర ఉంటుంది? పరీక్ష పెట్టే మనిషికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా? నీళ్లు నమిలితే తలుపు వేసేయండి. పిల్లాడు నిజంగానే ముభావంగా ఉంటున్నా, నిద్ర పట్టడం లేదన్నా, చదువు మీద మనసు నిలవడం లేదన్నా వేలిముద్రలతో పనిలేదు. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.